ఫిల్మ్‌స్ట్రిప్‌తో పాఠం చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో ఫిల్మ్‌స్ట్రిప్ అనే మాట ఈ రోజుల్లో రెండు చోట్ల మాత్రమే వినిపిస్తుంది. ఒకటి, బి.ఎడ్. తరగతుల్లోనూ డి.ఎస్.సి. కోచింగ్ సెంటర్లలోనూ ‘ప్రక్షేపిత ఉపకరణాలు’, అంటే తెర మీద బొమ్మ వేసి చూపించే బోధన సామగ్రి, అనే శీర్షిక కింద. రెండోది, పాత పాఠశాలల సైన్సు ల్యాబుల్లో ఏళ్ళ తరబడి తాళం తీయని బీరువాలో నుంచి తుప్పు పట్టిన చిన్న రేకు డబ్బాలు బయటపడినప్పుడు. మొదటి చోట దానిని కంటితో చూడకుండానే నిర్వచనం కంఠస్థం చేస్తున్నారు. రెండో చోట చేతిలోకి తీసుకొని కూడా అదేమిటో పోల్చుకోలేకపోతున్నారు. ఈ రెండు వర్గాలవారూ నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు, ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించిన అనుభవంతో, ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

ఫిల్మ్‌స్ట్రిప్ అంటే ఏమిటి?

ఒక పాఠానికి సంబంధించిన నిశ్చల చిత్రాలను వరుసగా ముద్రించిన 35 మి.మీ. ఫిల్ము ముక్కను ఫిల్మ్‌స్ట్రిప్ అంటారు. సినిమా రీలుకు వాడే ఫిల్మే ఇది; అంచుల వెంట అవే రంధ్రాలుంటాయి. అయితే సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కంటి ముందు నుంచి పరుగెత్తుతాయి. ఇందులో ఒక్కొక్క బొమ్మ, ఉపాధ్యాయుడు కదిలించేదాకా, తెర మీద నిలబడి ఉంటుంది. సాధారణంగా ఒక స్ట్రిప్‌లో 30 నుంచి 50 దాకా ఫ్రేములుంటాయి. ఫ్రేము వెడల్పు 24 మి.మీ., ఎత్తు 18 మి.మీ. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య సందుతో కలిపి ఒక్కో బొమ్మకు 19 మి.మీ. చొప్పున లెక్క వేస్తే 40 బొమ్మల పాఠం రెండు మూరల లోపే సరిపోతుంది. మొదట, చివర వదిలే ఖాళీ ఫిల్ముతో కలిపి దాదాపు మీటరు. దానిని చుట్టచుట్టి, అగ్గిపెట్టె కంటే పెద్దది కాని గుండ్రటి డబ్బాలో పెట్టేవారు. 24 × 36 మి.మీ. ఫ్రేములున్న స్ట్రిప్‌లు కూడా ఉన్నాయి. వాటిని డబుల్ ఫ్రేము అంటారు, అవి తక్కువగా కనిపిస్తాయి.

స్లైడ్‌కూ దీనికీ తేడా ఏమిటి?

స్లైడ్ అంటే చట్రంలో బిగించిన విడి బొమ్మ. స్లైడ్ల వరుసను ఉపాధ్యాయుడు తన ఇష్టం వచ్చినట్లు మార్చుకోవచ్చు, అక్కర్లేనిదాన్ని తీసేయవచ్చు, కొత్తది చేర్చవచ్చు. ఫిల్మ్‌స్ట్రిప్‌లో వరుస మారదు. పరీక్షల్లో దీనిని లోపంగానే రాయిస్తారు. ఒక క్రమంలో జరిగే విషయాలకు, అంటే గింజ మొలకెత్తడం, నది ప్రయాణం, పట్టుపురుగు దశలు వంటి వాటికి, ఈ మారని వరుసే మేలు చేస్తుందని నా అభిప్రాయం. పైగా స్లైడ్లు కింద పడితే వరుస కలిసిపోతుంది. నలభై స్లైడ్లు గచ్చు మీద చెల్లాచెదురైన రోజున ఫిల్మ్‌స్ట్రిప్ విలువ నాకు బాగా తెలిసివచ్చింది.

ప్రొజెక్టర్ ఎలా పని చేస్తుంది? స్ట్రిప్‌ను తలకిందులుగా ఎందుకు పెట్టాలి?

పదో తరగతి కాంతి పాఠం చదివినవారికి ఇందులో కొత్త విషయం ఏమీ లేదు. బల్బు వెనుక పుటాకార దర్పణం ఉంటుంది; అది వెనక్కి పోయే కాంతిని ముందుకు మళ్ళిస్తుంది. బల్బు ముందు కండెన్సర్ అనే కటకాల జత ఉండి, కాంతిని ఫ్రేము అంతటా సమానంగా పరుస్తుంది. దాని తర్వాత ఫిల్ము కదిలే సన్నని గాడి, అందులో ఫిల్మును చదునుగా పట్టి ఉంచే గాజు పలకలు. పక్కనున్న నాబ్‌ను తిప్పితే పళ్ళ చక్రం ఫిల్ము రంధ్రాల్లో పళ్ళు దూర్చి సరిగ్గా ఒక్క ఫ్రేము కిందికి లాగుతుంది. చివరగా ముందువైపు కుంభాకార కటకం.

ఫిల్ము ఈ కటకానికి దాని నాభ్యంతరం కంటే ఎక్కువ దూరంలో, రెండు రెట్ల నాభ్యంతరం కంటే తక్కువ దూరంలో ఉంటుంది. అలా ఉన్నప్పుడు ఏర్పడే ప్రతిబింబం నిజ ప్రతిబింబం, పెద్దది, తలకిందులైనది. తెర మీద బొమ్మ నిటారుగా కనిపించాలంటే ఫిల్ము తలకిందులుగా ఉండక తప్పదు. ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది. తలకిందులు చేయడమంటే ముందువైపును వెనక్కి తిప్పడం కాదు. ప్రొజెక్టర్ వెనుక నిలబడి తెర వైపు చూస్తూ, ఫిల్ము మీది అక్షరాలు మీకు సరిగా చదవడానికి వచ్చేలా పట్టుకొని, అలాగే పైభాగాన్ని కిందికి తిప్పి గాడిలో దించాలి. నేను మొదటిసారి వెనుక వైపు ముందుకు పెట్టాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాలన్నీ అద్దంలో చూసినట్లు తిరగబడి వచ్చాయి. ఎనిమిదో తరగతి పిల్లలు పాఠం మానేసి వాటిని కుడి నుంచి ఎడమకు చదవడంలో పడ్డారు. ఉర్దూ మీడియం నుంచి వచ్చిన పిల్లవాడొకడు అందరికంటే వేగంగా చదివాడని మాత్రం చెప్పగలను.

దీనిని ఎప్పటి నుంచి వాడారు? మన దేశంలో పరిస్థితి ఏమిటి?

గాజు పలకల మీద బొమ్మలు గీసి చూపించే మ్యాజిక్ లాంతరు దీనికి పూర్వరూపం. గాజు బరువు, పగులుతుంది. ఫిల్ముకు ఆ రెండు బాధలూ లేవు. అమెరికాలో 1919లో చికాగోలో ఏర్పడిన సొసైటీ ఫర్ విజువల్ ఎడ్యుకేషన్ వంటి సంస్థలు ఫిల్మ్‌స్ట్రిప్‌లను పాఠశాలలకు చేర్చాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేలమంది సైనికులకు తక్కువ వ్యవధిలో శిక్షణ ఇవ్వవలసి రావడంతో వీటి వాడకం బాగా పెరిగింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఇవి తరగతి గదుల్లో నిలిచి, 1980లలో వీడియో క్యాసెట్లు వచ్చాక వెనక్కి తగ్గాయి. సోవియట్ యూనియన్‌లో ‘డయాఫిల్మ్’ పేరుతో ఇవి ఇళ్ళలోకి కూడా చేరాయి. మన తరం తెలుగులో చదువుకున్న ఆ దేశపు పిల్లల కథల వంటివే అక్కడి పిల్లలు గోడ మీద దుప్పటి కట్టుకొని బొమ్మ తర్వాత బొమ్మగా చూసేవారు.

మన దేశంలో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అంటే ఎన్.సి.ఇ.ఆర్.టి., 1961లో ఏర్పడింది. దానిలోని బోధనోపకరణాల విభాగమూ విద్యా సాంకేతిక కేంద్రమూ కలిసి 1984లో సి.ఐ.ఇ.టి., అంటే కేంద్రీయ విద్యా సాంకేతిక సంస్థ, అయ్యాయి. పేరు మారడంలోనే దృష్టి ఎటు మళ్ళిందో కనిపిస్తుంది. అప్పటికే 1975–76లో సైట్ అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారమయ్యాయి. ఆ రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి, కార్యక్రమాలు తయారు చేసిన కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. ఊరి బడిలో టెలివిజన్ పెట్టె చూసిన కళ్ళకు కదలని బొమ్మ చిన్నబోయి ఉంటుంది. అయితే టెలివిజన్ పాఠం ఉపాధ్యాయుడి కోసం ఆగదు. పిల్లవాడు చెయ్యెత్తి సందేహం అడిగితే పాఠం ముందుకు వెళ్ళిపోతూనే ఉంటుంది. ఫిల్మ్‌స్ట్రిప్‌లో ఆ చెయ్యికి సమాధానం దొరికాకే తర్వాతి బొమ్మ వస్తుంది. నా దృష్టిలో ఈ ఉపకరణానికి ఉన్న ముఖ్యమైన గుణం ఇదే. దిగువ సమాధానాలు చాలావరకు దీని చుట్టూనే ఉన్నాయి.

సౌండ్ ఫిల్మ్‌స్ట్రిప్ అంటే?

స్ట్రిప్‌తో పాటు గ్రామఫోన్ రికార్డు, తర్వాతి రోజుల్లో ఆడియో క్యాసెట్ ఇచ్చేవారు. వ్యాఖ్యానం నడుస్తూ ఉండగా ‘బీప్’ అని మోగినప్పుడు నాబ్ తిప్పాలి. కొన్ని యంత్రాల్లో పిల్లలకు ప్రత్యేకంగా వినబడని 50 హెర్ట్జుల సంకేతం రికార్డులో ఉండి, ఫ్రేమును తనంతట తానే మార్చేది. ఒక్క బీప్ తప్పితే అక్కడి నుంచి బొమ్మ ఒకటి, మాట మరొకటి. బీప్ వినడానికే ఉపాధ్యాయుడు అక్కడ నిలబడి ఉండటం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

డి.ఎస్.సి., టెట్ పరీక్షలకు దీని గురించి ఏం తెలుసుకోవాలి?

ఫిల్మ్‌స్ట్రిప్ ప్రక్షేపిత, దృశ్య ఉపకరణం. శబ్దం చేర్చినప్పుడు దృశ్య శ్రవణ ఉపకరణం. అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ 1946లో ప్రతిపాదించిన అనుభవాల శంఖువులో (నేర్చుకునే అనుభవాలను పొరలుగా పేర్చిన పటంలో) నిశ్చల చిత్రాలు, రేడియో, రికార్డింగులు ఒకే పొరలో ఉంటాయి. ఫిల్మ్‌స్ట్రిప్ ఆ పొరకు చెందుతుంది. దాని కింద చలనచిత్రాలు, ఇంకా కిందికి పోతే ప్రదర్శనశాలలు, క్షేత్ర పర్యటనలు, అట్టడుగున ప్రత్యక్ష అనుభవం. పైన దృశ్య సంకేతాలు, శిఖరాన శాబ్దిక సంకేతాలు.

చాలా గైడ్లలో ఈ శంఖువు పక్కన ‘చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చూసినదాంట్లో 30 శాతం గుర్తుంటుంది’ అని అంకెలు వేస్తారు. డేల్ తన శంఖువులో ఏ శాతాలూ ఇవ్వలేదు. అవి తర్వాత ఎవరో అతికించినవి. ఇంత గుండ్రటి అంకెలు పదేసి చొప్పున పెరుగుతూ పోవడమే అనుమానం కలిగించాలి. శంఖువులో కింద ఉన్నది మంచిది, పైన ఉన్నది చెడ్డది అని కూడా డేల్ చెప్పలేదు. మూర్తం నుంచి అమూర్తానికి వెళ్ళే క్రమాన్ని మాత్రమే ఆయన చూపించారు.

తరగతిలో దీనితో పాఠం ఎలా నడపాలి?

ఉపాధ్యాయుడు స్ట్రిప్ మొత్తాన్ని ముందు రోజే ఒంటరిగా చూసుకోవాలి. ఏ ఫ్రేము దగ్గర ఎంతసేపు ఆగాలి, ఏది వదిలి ముందుకు పోవాలి అనేది అప్పుడే నిర్ణయించుకోవాలి. నలభై నిమిషాల పీరియడులో నలభై బొమ్మలు చూపించడం పాఠం కాదు. పన్నెండు, పదిహేను బొమ్మలు దాటితే మాట్లాడే సమయం మిగలదు.

గోదావరి మీద ఒక స్ట్రిప్ ఉందనుకుందాం. త్ర్యంబకం దగ్గర పుట్టుక, బాసర, కాళేశ్వరం, భద్రాచలం, పాపికొండలు, ధవళేశ్వరం ఆనకట్ట, అంతర్వేది: 1,465 కిలోమీటర్ల ప్రయాణం ఇలా వరుసగా ఉంటుంది. బాసర ఫ్రేములో నది సన్నగా ఉంటుంది. కాళేశ్వరం ఫ్రేము రాగానే వెడల్పు పెరుగుతుంది. ఇక్కడ ఉపాధ్యాయుడు ‘ప్రాణహిత కలిసింది’ అని చెప్పేస్తే పని అయిపోతుంది గాని పాఠం కాదు. బొమ్మను నిలిపి, ‘ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి?’ అని అడిగి ఊరుకోవాలి. నాబ్‌ను వెనక్కి తిప్పి బాసరను మళ్ళీ చూపించి, ముందుకు తిప్పి మళ్ళీ కాళేశ్వరం చూపించాలి. రెండు మూడు సార్లు ఇలా తిప్పితే వెనుక బెంచీ నుంచి ఎవరో ఒకరు ‘ఇంకో నది కలిసిందేమో సార్’ అంటారు. అట్లాసులో ప్రాణహితను వెదకడం అప్పుడు మొదలుపెట్టాలి. వెనక్కి తిప్పడం అనే ఈ చిన్న సౌకర్యాన్ని మన పాఠ్యపుస్తకాలు సుగుణాల జాబితాలో చేర్చకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఫ్రేముల కింద వ్యాఖ్యలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియం తరగతిలో తెర కింది అంచున ఒక అట్టముక్క ఆనించి వ్యాఖ్యను కప్పేసి, పిల్లలు తాము చూసినదాన్ని తమ మాటల్లో చెప్పాక దానిని తీసేవాడిని. వ్యాఖ్య కనిపిస్తున్నంతసేపు పిల్లలు బొమ్మను చూడరు, అక్షరాలు కూడబలుక్కుంటారు.

పాఠం అయ్యాక లైట్లు వేసి వెంటనే గంట కొట్టించకూడదు. చూసిన వరుసను పుస్తకంలో చిన్న బొమ్మలుగా గీయించాలి, ఏదైనా ఫ్రేము అర్థం కాలేదంటే మళ్ళీ వేసి చూపించాలి.

గది ఎంత చీకటిగా ఉండాలి? తెర ఎంత ఉండాలి?

సినిమా హాలు అంత చీకటి అక్కర్లేదు. పిల్లలు నోటు పుస్తకంలో రాసుకోగలిగినంత వెలుతురు ఉండవచ్చు. అయితే మన బడుల్లో కిటికీలకంటే వెంటిలేటర్లతోనే తంటా. కిటికీ రెక్కలు మూసినా పైనుంచి ఎండ సూటిగా తెర మీద పడుతుంది. దినపత్రికను రెండు మడతలు వేసి అంటిస్తే చాలు. ఏప్రిల్‌లో తలుపులన్నీ మూసి అరవై మందిని కూర్చోబెట్టడం మాత్రం మంచిది కాదు. అటువంటి పాఠాలను చలికాలానికి పెట్టుకోవాలి.

తెర లెక్క సులభం. ప్రొజెక్టర్ నుంచి తెర వరకు ఉన్న దూరాన్ని కటకం నాభ్యంతరంతో భాగిస్తే బొమ్మ ఎన్ని రెట్లు పెరుగుతుందో వస్తుంది. నాభ్యంతరం 75 మి.మీ., దూరం నాలుగున్నర మీటర్లు అయితే 60 రెట్లు. అంటే తెర మీద బొమ్మ వెడల్పు సుమారు 1.4 మీటర్లు. మొదటి వరుస ఆ వెడల్పుకు రెండు రెట్ల దూరం కంటే దగ్గరగా, చివరి వరుస ఆరు రెట్ల కంటే దూరంగా ఉండకూడదు. ఈ లెక్కన దాదాపు 2.8 మీటర్ల నుంచి 8.4 మీటర్ల మధ్య కూర్చోబెట్టాలి. సున్నం వేసిన తెల్లగోడ మంచి తెరే.

మా బడి బీరువాలో పాత స్ట్రిప్‌లు దొరికాయి. ఏం చేయాలి?

మొదట ప్రొజెక్టర్‌లో పెట్టకండి, వాసన చూడండి. సిరకా వాసన ఘాటుగా వస్తే ఎసిటేట్ ఫిల్ము విచ్ఛిన్నమవుతోందని అర్థం. వేడి, తేమ దీనిని వేగవంతం చేస్తాయి; హైదరాబాదు ఎండాకాలమూ ఆ వెంటనే వచ్చే వానాకాలమూ కలిసి ఈ పనిని శ్రద్ధగా చేసిపెడతాయి. ఒక స్ట్రిప్ నుంచి వెలువడే ఆమ్లం పక్కవాటినీ పాడుచేస్తుంది కాబట్టి వాసన వచ్చేవాటిని వేరు చేసి, గాలి చొరబడని రేకు డబ్బాల నుంచి తీసి కాగితపు కవర్లలో పెట్టాలి. మంచివాటిని సిలికా జెల్ పొట్లంతో పాటు చల్లటి, పొడి చోట ఉంచాలి. ఒకదానికొకటి అతుక్కుపోయిన చుట్టలను బలవంతంగా లాగితే బొమ్మ ఉన్న పొర ఊడి వస్తుంది.

రెండోది, ఫిల్ము అంచున ‘సేఫ్టీ’ అనే అక్షరాలు ఉన్నాయేమో చూడండి; ఉంటే అది నైట్రేట్ ఫిల్ము కాదని గుర్తు. 1950ల మొదటి భాగం దాకా నైట్రేట్ ఫిల్ము వాడుకలో ఉండేది. అది సులభంగా అంటుకొని, నీళ్ళు పోసినా ఆరని మంటతో మండుతుంది. అనుమానం ఉన్న ఫిల్మును వేడి బల్బు ముందు పెట్టనే కూడదు.

బొమ్మలన్నీ గులాబీ రంగుకు తిరిగి ఉంటే అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. అప్పటి కలర్ ప్రింటు ఫిల్ముల్లో సయాన్ రంగు ముందుగా వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది. చీకట్లో డబ్బాలో ఉన్నా ఇలాగే జరుగుతుంది. నలుపు తెలుపు స్ట్రిప్‌లకు ఈ బాధ లేదు. నేను చూసినవాటిలో ఇప్పటికీ చక్కగా ఉన్నవి అవే.

పాత ప్రొజెక్టర్ కొంటే పనికి వస్తుందా?

ఎర్రగడ్డ ఆదివారం సంతలో అప్పుడప్పుడు పాత ప్రొజెక్టర్లు కనిపిస్తాయి. బేరం ఆడే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. అమెరికా యంత్రమైతే 110–120 వోల్టులకు చేసినది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోతుంది, కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. తీగ మీది రబ్బరు పొడిపొడిగా రాలుతుంటే ముందు దానిని మార్పించాలి. ఫ్యాను తిరుగుతోందో లేదో ప్రత్యేకంగా చూడాలి. ఫ్యాను ఆగిన యంత్రంలో ఒకే ఫ్రేమును చాలాసేపు నిలపడం వల్ల నా స్ట్రిప్ ఒకటి ఉబ్బి ఫోకస్ తప్పింది. మళ్ళీ ఎన్నడూ చదును కాలేదు. పాఠం అయ్యాక బల్బు ఆర్పి ఫ్యానును కాసేపు తిరగనివ్వాలి. వేడి మీద యంత్రాన్ని కదిలిస్తే బల్బులోని ఫిలమెంటు తెగుతుంది, దాని జత దొరకడం ఇప్పుడు కష్టం.

వీటిని డిజిటల్‌గా మార్చి ఐ.ఎఫ్.పి. ప్యానెల్ (తరగతి గదిలో పెట్టే పెద్ద టచ్ తెర) మీద చూపించవచ్చా?

చూపించవచ్చు. తెల్లటి వెలుగు పలక మీద స్ట్రిప్ ఉంచి మాక్రో లెన్సున్న కెమెరాతో ఒక్కో ఫ్రేమునూ ఫోటో తీయడం సులభమైన పద్ధతి. వెలుగు పలక లేకపోతే ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరిచి వాడుకోవచ్చు. అయితే ఫిల్మును నేరుగా దాని మీద పెడితే తెర చుక్కలు కూడా ఫోటోలో పడతాయి. ఫిల్మును రెండు మూడు సెంటీమీటర్లు పైకి ఎత్తి పట్టి ఉంచితే ఆ చుక్కలు మసకబారిపోతాయి. దుమ్మును నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపర మరకలు పోవు. రబ్బరు బ్లోయర్ వాడాలి. గులాబీ రంగును కంప్యూటర్‌లో కొంతవరకు సరిచేయవచ్చు.

కాపీరైటు గురించి కూడా అడుగుతుంటారు. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు లేదా విద్యార్థి చేసుకునే ప్రతిని ఉల్లంఘనగా పరిగణించదు. తరగతి గదికి చేసుకున్న ఆ ప్రతిని యూట్యూబులో పెట్టడం మాత్రం వేరే విషయం.

ప్యానెల్ మీద చూపించేటప్పుడు ఫ్రేములు వాటంతటవే మారేలా పెట్టవద్దని నా మనవి.

పిల్లలతో సొంతంగా ఫిల్మ్‌స్ట్రిప్ తయారు చేయించవచ్చా?

మా చిన్నప్పుడు సినిమా హాలు దగ్గర ఏరుకొచ్చిన ఫిల్ము ముక్కలు, మాడిపోయిన బల్బు లోపలి భాగం తీసేసి నీళ్ళు నింపి చేసిన కటకం, గుమ్మం దగ్గర ఎండను లోపలికి మళ్ళించే అద్దం, గోడకు కట్టిన పంచె: ఇంతే సరంజామాతో ప్రదర్శన జరిగేది. ఆ ముక్కకూ ఫిల్మ్‌స్ట్రిప్‌కూ ఫ్రేము ఎత్తు ఒకటే, నాలుగు రంధ్రాలు. కాబట్టి ప్రొజెక్టర్ ఉన్న బడిలో పనికిరాని 35 మి.మీ. ఫిల్ముతో పిల్లలే పాఠం తయారు చేయవచ్చు. ఫిల్మును బ్లీచింగ్ ద్రావణంలో నానబెడితే బొమ్మ ఉన్న పొర కరిగిపోయి పారదర్శకమైన పట్టీ మిగులుతుంది. ఈ పని ఉపాధ్యాయుడే చేతి తొడుగులు వేసుకొని, ఆరుబయట చేయాలి. గ్రాఫు కాగితం మీద 24 × 18 మి.మీ. గళ్ళు గీసి, దాని మీద పట్టీని అంటించి, సి.డి.ల మీద రాసే సన్నని పెన్నులతో బొమ్మలు వేయించాలి. అర మిల్లీమీటరు గీత తెర మీద మూడు సెంటీమీటర్లు అవుతుంది, అంటే రెండు వేళ్ళ మందం. అందుకే వివరాలు తగ్గించి గీయమని ముందే చెప్పాలి.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలు ‘నల్లా నీళ్ళు ఎక్కడివి’ అని పన్నెండు ఫ్రేములు గీశారు. మూసీ మీద 1920లో కట్టిన గండిపేట, 1927 నాటి హిమాయత్‌సాగర్, మంజీర, కృష్ణ, గోదావరి పైపులైన్లు, వీధి ట్యాంకు, చివరికి ఇంటి ముందు నల్లా. ఆ ఆఖరి ఫ్రేములో నల్లా కింద పెట్టిన బిందె మొదటి ఫ్రేములోని గండిపేట కట్ట కంటే పెద్దదైపోయింది. మళ్ళీ గీయిస్తానంటే, రెండు రోజులకోసారి నీళ్ళు వచ్చే బస్తీ పిల్లలు ఒప్పుకోలేదు; బిందె అలాగే ఉండాలన్నారు. అలాగే ఉంచాను.